బయట కొన్న చైన్ సెట్‌ను మెకానిక్ బిగించనంటే ఏం చేయాలి?

పాతూరు_పల్సర్
అనంతపురం. నా 150 సీసీ బండికి చైన్ బాగా సాగిపోయింది. గేరు మార్చినప్పుడల్లా లటలటా కొట్టుకుంటోంది. గడియార స్తంభం దగ్గర అంగడిలో చైన్, ముందు వెనక పళ్ల చక్రాలు కలిపి ధర అడిగాను. అదే కంపెనీ, అదే డబ్బా ఆన్‌లైన్‌లో 350 రూపాయలు తక్కువకు కనిపించింది. తెప్పించాను. తీసుకుని నేను ఎప్పుడూ వెళ్లే మెకానిక్ దగ్గరికి పోతే డబ్బా తెరిచి కూడా చూడకుండా "బయటి సామాను నేను బిగించను" అన్నాడు. గట్టిగా అడిగితే "లేబర్ రెట్టింపు, గ్యారంటీ లేదు" అన్నాడు. ఏళ్ల తరబడి ఆయన దగ్గరికే పోతున్నాను. నా డబ్బుతో నేను ఎక్కడ కొనుక్కుంటే ఆయనకేమిటి? ఇది న్యాయమేనా? ఇకపై అన్నీ ఆన్‌లైన్‌లోనే కొని, బిగించేవాళ్లను వెతుక్కుందామనుకుంటున్నాను. మీ ఊళ్లలో ఎలా ఉంది?

నల్లమల_రైడర్
మెకానిక్ చెప్పిందే సబబు. రేపు ఆ చైన్ తెగితే నువ్వు ఆన్‌లైన్ వాడి గుమ్మం ఎక్కవు, ఆయన షెడ్డు ముందే బండి నిలబెడతావు.

ఏడురోడ్ల_కూడలి
ఎలా సబబు? దర్జీ దగ్గరికి మన గుడ్డ మనమే తీసుకుపోతాం. "నా దగ్గర కొనలేదు, కుట్టను" అంటాడా? పనికి కూలి ఇస్తున్నాం. గుడ్డ ఎక్కడిదైతే ఆయనకెందుకు?

నల్లమల_రైడర్
చొక్కా చిరిగితే ఇంటికి పోయి మార్చుకుంటావు. ఆత్మకూరు దాటాక ఘాట్ రోడ్డు మలుపులో చైన్ తెగి వెనక చక్రంలో చుట్టుకుంటే చక్రం అక్కడికక్కడే పట్టేస్తుంది. అప్పుడు పార్టు తప్పా, బిగింపు తప్పా అని ఎవరు తేలుస్తారు? ఊళ్లో చెడ్డపేరు వచ్చేది మెకానిక్‌కే.

తాడిపత్రి_నాపరాయి
మా వైపు పాలిష్ ఫ్యాక్టరీల రాతి దుమ్ముకు చైన్లు అందరికన్నా ముందే అరిగిపోతాయి. దుమ్ము, చైన్‌కు పూసిన ఆయిల్ కలిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. మాటిమాటికీ కొనేవాడికి 350 చిన్న మొత్తం కాదు. పల్సర్ అన్న బాధ నాకు తెలుసు.

కొండారెడ్డి_బురుజు
మాది కర్నూలులో స్పేర్ పార్టుల అంగడి, నాన్న కాలం నుంచి నడుస్తోంది. లోపలి లెక్క దాచకుండా చెబుతాను.

మెకానిక్ మా దగ్గర సామాను కొంటే అతనికి ఒక రేటు ఉంటుంది. అది డబ్బా మీద అచ్చయిన గరిష్ఠ ధర కన్నా తక్కువ. కస్టమర్ దగ్గర అతను డబ్బా మీది ధరే తీసుకుంటాడు. ఆ తేడా అతనిది. అందుకే మన ఊళ్లలో చైన్ సెట్ మార్చడానికి లేబర్ అంత తక్కువ అడుగుతారు. వెనక చక్రం విప్పాలి, చైన్ కేసు విప్పాలి, ముందు పళ్ల చక్రం దగ్గర పేరుకున్న మడ్డి తీయాలి, మళ్లీ చక్రం వరుస చూసి బిగించాలి. దాదాపు గంట పని. ఆ గంటకు మీరు చేతిలో పెట్టే లేబర్ అతని షెడ్డు అద్దెకు, కుర్రాడి జీతానికి చాలదు. చాలనిది పార్టులో వచ్చే తేడాతో సరిపెట్టుకుంటాడు. మీరు పార్టు బయటి నుంచి తెచ్చారంటే అతని సంపాదనలో పెద్ద ముక్క పోయినట్టే. పల్సర్ గారి మెకానిక్ రెట్టింపు అడిగింది కక్షతో కాదు, ఆ పనికి అసలు కూలి అదే. ఇన్నాళ్లూ అది వేరే పేరుతో మీ బిల్లులో ఉండేది.

ఇక మా అంగడి సంగతి. ఒకే పేరుతో ఉన్న బండికి 2017కు ముందు ఒక రకం, తర్వాత బీఎస్4 (పొగ కాలుష్య నియమాల మెట్టు) రకం, 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్6 రకం. కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, వైరింగ్ మారింది, సెన్సర్లు వచ్చాయి. పేరు ఒకటే, సామాను మూడు రకాలు. మూడూ అరల్లో పెట్టుకోవాలి. కొన్ని ఏడాదికి ఒకటి కూడా అమ్ముడుపోవు. ఆన్‌లైన్ వాళ్లు తక్కువ ధరకు ఇచ్చేవి ఏవో చూడండి: చైన్ సెట్లు, బ్రేక్ షూలు, ఎయిర్ ఫిల్టర్లు, ఆయిల్. వేగంగా కదిలే సరుకు. కిక్ షాఫ్ట్ ఆయిల్ సీల్, సైడ్ స్టాండ్ స్ప్రింగ్, ఒక చిన్న వాషర్ కావాలంటే ఎక్కడికొస్తారు? మా దగ్గరికే. ఇరవై రూపాయల వాషర్ మీద నాకు మిగిలేది ఏమీ లేదు. చైన్ సెట్ మీద మిగిలిన దానితోనే ఆ వాషర్‌ను అరలో ఉంచగలుగుతున్నాను.

2025 సెప్టెంబరు 22న మోటారు సైకిల్ విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొనేవాళ్లకు మంచిదే, నేనూ సంతోషించాను. కానీ అంతకుముందు కొన్న సరుకంతా పాత ధరల డబ్బాల్లో అరల్లో ఉండిపోయింది. కస్టమర్ ఫోనులో కొత్త ధర చూపించి "దోచుకుంటున్నారు" అన్నాడు. ఆ మాట పడటం కష్టంగా ఉండేది.

ఏడురోడ్ల_కూడలి
బురుజు గారూ, దాచకుండా చెప్పినందుకు ధన్యవాదాలు. కానీ మీరు చెప్పింది విన్నాక నాకు కోపం పెరిగింది. పార్టులో మెకానిక్‌కు వాటా ఉన్నప్పుడు పార్టు ఎంత ఖరీదైతే అతనికి అంత లాభం. బాగున్న పార్టును కూడా "పోయింది, మార్చాలి" అనడానికి అదే దారి. కూలి ఎంతో అంతే చెప్పండి, ఇస్తాం. పార్టు ధరలో కూలిని కలిపేస్తే ఎవరి మీద నమ్మకం ఉంచాలి?

కొండారెడ్డి_బురుజు
మీరన్న ప్రమాదం నిజమే, కాదనను. అలాంటివాళ్లు ఉన్నారు. అందుకే తీసేసిన పాత పార్టును ఇవ్వమని అడగండి. మంచి మెకానిక్ అడగకముందే చేతిలో పెడతాడు.

ఊరికే_చదివేవాడు
పాత పార్టు ఇంటికి తెచ్చుకుంటే మా ఆవిడ నన్నూ దాన్నీ కలిపి బయట పెడుతుంది 😄

ధర్మవరం_స్కూటర్
ఇక్కడ అందరూ మెకానిక్ మీకు తెలిసినవాడు, అంగడి మీకు తెలిసినది అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే జరిగేది వేరు. నేను బడిలో పాఠాలు చెబుతాను, స్కూటర్ మీదే తిరుగుతాను. బండి ఎత్తు ఎక్కేటప్పుడు దడదడ వస్తోందని ఒక షెడ్డుకు తీసుకెళ్తే, నా వైపు చూడకుండా "ఇంట్లో మగవాళ్లను పంపండి మేడం" అన్నారు. ధర అడిగితే ఒక అంకె నోటితో చెప్పారు. డబ్బా చూపించమంటే చూపించలేదు.

ఇంటికి వచ్చి నా స్కూటర్ పార్టుల పట్టిక వెతికాను. బెల్టు (స్కూటర్‌లో చైన్‌కు బదులు ఉండేది) నంబరు, దానితో పనిచేసే రోలర్ల నంబరు, వాటి ధరలు అన్నీ దొరికాయి. షెడ్డులో చెప్పిన అంకె అచ్చయిన ధర కన్నా ఎంతో ఎక్కువ. డబ్బా మీది గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దానికి మించి ఒక్క రూపాయి తీసుకున్నా చట్ట విరుద్ధం. బెల్టు, రోలర్లు ఆన్‌లైన్‌లోనే తెప్పించి ఇంకో చోట బిగించుకున్నాను. ఆ మెకానిక్ వయసులో చిన్నవాడు. పాత రోలర్లు ఒక పక్క అరిగి చదునైపోయాయని చేతిలో పెట్టి మరీ చూపించాడు. ఇప్పుడు నా బండి, మా చెల్లి బండి, మా బడిలో టీచర్ల బండ్లు అన్నీ అతని దగ్గరికే వెళ్తాయి. పార్టులు కూడా అతన్నే తెమ్మంటున్నాం.

స్థానిక అంగళ్లను ఆదుకోవాలి అనేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. ఆదుకోదగ్గవాళ్లు ఎవరో చూసుకునే హక్కు మాత్రం నాకుంది.

తాడిపత్రి_నాపరాయి
మేడం గారి మాట నూటికి నూరు పాళ్లు నిజం. మా అక్కకూ ఇదే అనుభవం.

నల్లమల_రైడర్
ఆ మొదటి షెడ్డువాడిని సమర్థించే ప్రసక్తే లేదు. నా మాట పల్సర్ తమ్ముడి మెకానిక్ గురించి మాత్రమే.

గుత్తి_గేటు
నకిలీల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు ఒక ఆన్‌లైన్ సైటులో బ్రేక్ షూలు వచ్చాయి. డబ్బా చూస్తే కంపెనీదే అనిపించింది. విప్పితే లోపల షూ మీద అచ్చు లేదు, లైనింగు జిగురు అంచుల్లోంచి బయటకు కారి ఎండిపోయి ఉంది. ప్యాకెట్ మీద తయారైన నెల, సంవత్సరం లేవు. అమ్మినవాడి పేరు సైటు పేరు కాదు, ఎక్కడో ఉన్న ఇంకెవరో. సైటు పేరు చూసి నమ్ముతాం, సరుకు పంపేది వేరేవాడు. తిరిగి తీసుకోవడానికి మొదట ఒప్పుకోలేదు.

అలాంటప్పుడు ఊరుకోకండి. ఈ-కామర్స్ నియమాలు 2020లో వచ్చాయి. లోపమున్నదైనా, నకిలీదైనా, చెప్పినదానికి భిన్నంగా ఉన్నదైనా వెనక్కి తీసుకోనని అమ్మినవాడు అనకూడదు. 1915కు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు, ఆ నంబరు సైటువాళ్లకు చెప్పాక డబ్బు తిరిగి వచ్చింది. అంతకూ తేలకపోతే 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు విలువకు రుసుము కూడా లేదు.

ఊరి అంగళ్లలో నకిలీలు లేవని కాదు. ఉన్నాయి. కానీ అక్కడ డబ్బా విప్పి, చేత్తో పట్టుకుని చూసి కొంటాం. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న అంగడి మెట్లు దిగిపోండి, అది మీ చిన్నాన్నదైనా సరే.

ఉరవకొండ_ఆర్‌ఎక్స్
మా నాన్న ఆర్‌ఎక్స్ 100 ఇంకా నడుపుతున్నాను. 1996లో తయారీ ఆగిపోయిన బండి. నాలాంటివాళ్లకు ఆన్‌లైనా అంగడా అనే ప్రశ్నే లేదు, రెండూ లేకపోతే బండి మూలన పడుతుంది. ఉరవకొండలో దీని సామాను దొరకదు. ఇదివరకు బెంగళూరు జేసీ రోడ్డుకు పోయి, ఒక్కో అంగడీ ఎక్కి దిగేవాళ్లం. ఇప్పుడు పాత సరుకు దాచుకున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆన్‌లైన్‌లో పెడుతున్నారు.

పిస్టన్ తెప్పించినంత మాత్రాన అయిపోదు. సిలిండర్ అరిగాక దాన్ని కొంచెం వెడల్పు చేసి పెద్ద పిస్టన్ వేయాలి. పిస్టన్లు 0.25, 0.50 మిల్లీమీటర్లు పెద్దవిగా సైజుల వారీగా వస్తాయి. లేత్ మనిషి పిస్టన్‌ను చేతిలోకి తీసుకుని, దాన్ని కొలిచి, అంతకు సరిపోయేలా సిలిండర్‌ను కోస్తాడు. సందు తక్కువైతే వేడికి పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే శబ్దం, పొగ. మన అనంతపురం ఎండలో ఆ సందు ఎంత వదలాలో నా లేత్ పెద్దాయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయన ఏనాడూ "ఈ పిస్టన్ ఎక్కడ కొన్నావు" అని అడగలేదు. ఆయన అమ్మేది పనితనం. దానికి అడిగినంత ఇస్తాను, బేరం ఆడను.

ఏడురోడ్ల_కూడలి
ఉరవకొండ అన్నా, నేను మొదటి నుంచి చెబుతున్నది ఇదే! లేత్ మనిషి సామాను అమ్మడు కాబట్టి పనికి తగ్గ కూలి తీసుకుంటున్నాడు. మెకానిక్‌లు కూడా అలాగే ఉండాలి.

పాలకొండల_సైకిల్
కడప. నాది ఇంజిన్ లేని బండి, గేర్ల సైకిల్. ఇక్కడ చెప్పుకోవచ్చు కదా? ఆదివారాలు పాలకొండల వైపు, వీలున్నప్పుడు గండికోట దాకా పోతాం, ఒక చిన్న గుంపు ఉంది.

మాకు అంగడి ఉన్నా సామాను లేదు. మామూలు సైకిల్ చైన్ లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. గేర్ల సైకిల్ చైన్ 3/32 అంగుళం, వెనక పళ్ల చక్రాలు పెరిగేకొద్దీ ఇంకా సన్నం. 9 చక్రాలదానికి 9 చక్రాల చైనే కావాలి. కడపలో అడిగితే మామూలుది చేతిలో పెట్టి "ఇదే పడుతుంది" అంటారు. పడదు. అందుకని చైన్లు, కేబుళ్లు, బ్రేక్ రబ్బర్లు ఆన్‌లైన్‌లోనే. సైకిళ్ల మీద, వాటి సామాను మీద జీఎస్టీ కూడా 12 నుంచి 5కు తగ్గింది.

కానీ చక్రం వంకర తీయాలంటే ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడు. చక్రాన్ని తిప్పుతూ, సుద్దముక్క ఆనించి, గుర్తు పడ్డచోట పుల్లలను పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతాడు. అంతే, నీటిలా తిరుగుతుంది. మా గుంపంతా ఆయన దగ్గరికే. ఆయనకు గేర్ల సైకిల్ కొత్త. ఎవరూ ఆ సరుకు అడగరని ఆయన తెప్పించడు, ఆయన తెప్పించడని మేము అడగం. అందుకే మేమంతా కలిసి ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చాం. ముందు డబ్బు కొంత కూడా ఇచ్చాం. హైదరాబాదు నుంచి తెప్పించాడు. ధర ఆన్‌లైన్ కన్నా కొంచెం ఎక్కువే పడింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఆయన అరలో 9 చక్రాల చైన్లు వేలాడుతున్నాయి. కడపలో!

తాడిపత్రి_నాపరాయి
ఇది బాగుంది. గండికోట వస్తే చెప్పండి, తాడిపత్రి నుంచి నేనూ వస్తాను, ఇంజిన్ ఉన్న బండి మీద. వెనక మీ నీళ్ల సీసాలు మోస్తాను.

పాలకొండల_సైకిల్
నీళ్లు కాదు, ఎత్తు ఎక్కేటప్పుడు మమ్మల్ని మోస్తే చాలు 😄

గుత్తి_గేటు
టైర్ల గురించి ఒక్క మాట. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని. అంగడిలో వంగి చూసి, పాతదైతే వేరేది తీయమంటాం. ఆన్‌లైన్‌లో ఏది వస్తే అది. ఈ ఎండలకు రబ్బరు ముందే గట్టిపడుతుంది, ఇక గోదాములో రెండేళ్లు మగ్గినది కొంటే ఎలా? టైర్లు మాత్రం నేను ఊళ్లోనే కొంటాను.

హెల్మెట్ కూడా ఎక్కడ కొన్నా ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 చూడండి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేనిది అమ్మడమే నేరం.

బండి_వైద్యుడు
అనంతపురంలోనే నా షెడ్డు. పల్సర్ తమ్ముడి మెకానిక్‌ను నేను కాదు, ముందే చెబుతున్నాను 🙂

బయటి సామాను నేను బిగిస్తాను. పద్ధతి ఉంది. బండి విప్పక ముందే డబ్బా చూస్తాను. పార్టు నంబరు బండి మోడల్‌కు, సంవత్సరానికి సరిపోతుందో లేదో నా పుస్తకంలో చూస్తాను. ముందు చక్రం పళ్లు, వెనక చక్రం పళ్లు, చైన్ లింకులు లెక్కపెడతాను. సరిపోకపోతే అక్కడే చెప్పి పంపిస్తాను. విప్పాక తేలితే బండి నా షెడ్డులో ఇరుక్కుపోతుంది, ఇంకో బండి పెట్టడానికి చోటు ఉండదు. మెకానిక్‌లు భయపడేది దీనికే, మీరు కొత్త పార్సిల్ వచ్చేదాకా చక్రం లేని బండిని మేం కాపలా కాయాలి.

లేబర్ ముందే చెబుతాను. చీటీ మీద "పార్టు కస్టమర్‌ది" అని రాస్తాను. పని నాది కాబట్టి బిగింపులో తేడా వస్తే నేను చూస్తాను, పార్టులో తేడా వస్తే అమ్మినవాడు చూడాలి. ఆయిల్ మాత్రం బయటిది పోయను, డబ్బా మీద బైకు ఆయిల్ అని తెలిపే జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు నేను చూస్తే తప్ప. కార్ల ఆయిల్ చవకగా వచ్చిందని తెస్తారు. మన బండ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో తడుస్తాయి, ప్లేట్లు జారతాయి, ఆ తర్వాత "మెకానిక్ క్లచ్ చెడగొట్టాడు" అంటారు.

ఏడురోడ్ల_కూడలి అన్నా, కూలి మాత్రమే తీసుకోమన్నావు. నేను సిద్ధమే. అసలు కూలి చెప్పిన రోజు నలుగురిలో ముగ్గురు "పక్క షెడ్డులో సగమే" అని వెళ్లిపోతారు. పార్టులో వాటా తీసుకునే అలవాటు మేమొక్కళ్లమే పెట్టింది కాదు. చేతి పనికి డబ్బు ఇవ్వడానికి మనసు రాదు, డబ్బాకు ఇవ్వడానికి వస్తుంది.

ఏడురోడ్ల_కూడలి
ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు వైద్యుడు గారూ. బోర్డు పెట్టండి, కూలి ఎంతో రాయండి. కడప నుంచి అనంతపురం వచ్చినప్పుడు నేను మీ దగ్గరే చేయించుకుంటాను. కానీ చెప్పకుండా తీసుకునే వాటాను ఒప్పుకోను.

నల్లమల_రైడర్
బ్యాటరీ సంగతి కూడా చెప్పాలి. మా బావ బ్యాటరీ గ్యారంటీ లోపలే పోయింది. అంగడివాళ్లు కంపెనీకి పంపి, అది తేలేదాకా వేరే బ్యాటరీ పెట్టి ఇచ్చారు. బండి ఒక్క రోజు కూడా ఆగలేదు. ఆన్‌లైన్‌లో కొన్నా గ్యారంటీ ఉంటుంది, కాకపోతే ఆ మధ్య రోజులు నడిచే పోవాలి.

పాతూరు_పల్సర్
అందరి మాటలూ చదివి మళ్లీ మా మెకానిక్ దగ్గరికి వెళ్లాను. వైద్యుడు గారు చెప్పినట్టే ముందుగా "లేబర్ ఎంతైనా చెప్పు, నంబరు నువ్వే సరిచూడు" అన్నాను. ఆ మాటతో మెత్తబడ్డాడు. నంబరు చూశాడు, పళ్లు లెక్కపెట్టాడు, సరిపోయింది. రెట్టింపు తీసుకోలేదు కానీ ఎప్పటికన్నా ఎక్కువే తీసుకున్నాడు. అన్నీ పోను నాకు మిగిలింది 150. పార్టులో తనకు వాటా పోతుందని మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత గొడవే ఉండేది కాదని ఆయన ముఖం మీదే అన్నాను. "అలా ఎలా చెబుతారయ్యా ఎవరైనా" అన్నాడు. చెప్పాలనే నేను ఇప్పటికీ అంటాను. వచ్చే నెల బ్రేక్ షూలు మార్చాలి. ఈసారి కొనకముందే ఫోనులో ధర చూపించి, నువ్వెంతకు తెస్తావని అడుగుతాను.

కొండారెడ్డి_బురుజు
అడగండి. ఆన్‌లైన్ ధరకు ఇవ్వలేకపోవచ్చు, దగ్గరగా రావచ్చు. మా అంగడిలో అడిగినవాళ్లకు తగ్గిస్తున్నాం, అడగనివాళ్లకు తగ్గించం. అది కూడా సరికాదని నాన్నతో వాదిస్తున్నాను. ధర్మవరం మేడం గారి పోస్టు ఆయనకు చదివి వినిపించాను.

ధర్మవరం_స్కూటర్
ఏమన్నారు?

కొండారెడ్డి_బురుజు
కౌంటర్ మీద డబ్బాలు ధర కనిపించేలా తిప్పి పెట్టించారు.

బండి_వైద్యుడు
పల్సర్ తమ్ముడూ, చైన్ మార్చినప్పుడు వెనక హబ్ రబ్బర్లు (చక్రం మధ్యలో కుదుపు ఆపేవి) చూశారా? అవి నలిగిపోయి ఉంటే గేరు వేసినప్పుడల్లా కుదుపు వచ్చి కొత్త చైన్ కూడా తొందరగా సాగుతుంది.

పాతూరు_పల్సర్
చూశాడన్నా. పిండి అయిపోయాయి. పక్క అంగడిలోనే తీసుకున్నాం, అప్పటికప్పుడు దొరికాయి.

బండి_వైద్యుడు
మంచిది. కొత్త చైన్ మొదట్లో కొంచెం సాగుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వదులు చూపించుకో. ఎంత ఉండాలో మాన్యువల్‌లో ఉంటుంది. చైన్‌ను పెట్రోలుతో కడగొద్దు.